సిగరెట్ మానడానికి ఖైనీ పట్టా, రెండేళ్ళు వాడాక చెప్తున్నా

ముందు మంచి మాట చెప్పేస్తా, సిగరెట్ మానేశా. పంతొమ్మిదేళ్ళు తాగాను, రోజుకి పది పన్నెండు, చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి రోజుల్లో అయితే లెక్కే ఉండేది కాదు, అలాంటోణ్ని రెండున్నరేళ్ళ నుంచి ఒక్కటి ముట్టలేదు. మొన్న సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందాల బరుల దగ్గర చుట్టూ అందరూ ఊదుతుంటే మధ్యలో మూడు గంటలు నిలబడ్డా, చెయ్యి చాపాలనిపించలేదు. అది ఖైనీ వల్లే అయింది, అదే, సున్నం వేసి నలిపి పెదవి కింద పెట్టుకునే పొగాకు, కాదని అబద్ధం చెప్పను. కానీ "సిగరెట్ మానాలంటే ఖైనీకి మారిపో, హాయిగా ఉంటది" అని నా నోటితో నేనే ఓ పాతిక మందికి చెప్పుంటా, ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఇది రాస్తున్నా.

మాకు ఆకివీడు దగ్గర నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. రొయ్యలు పెంచేవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా నీళ్ళల్లో ఆక్సిజన్ బాగా పడిపోద్ది, నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, కాసేపు ఆదమరిస్తే పంట మొత్తం తేలిపోద్ది. ఆ టైములో గట్టు మీద ఒక్కణ్నే తిరుగుతూ నిద్ర ఆపుకోవడానికి సిగరెట్. గట్టు మీద మా మకాం పాక తాటాకుది, పక్కనే డీజిల్ డబ్బాలు, లోపల వెలిగించడానికి లేదు, వానలో గొడుగు పట్టుకుని బయట నిలబడి తాగిన రోజులు ఎన్నో. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి, వాసనని నా బండెక్కడం మానేసింది, "నాన్నా ఆటోకి డబ్బులియ్యి" అనేది. అది బాగా తగిలింది నాకు.

అదే టైములో మా బావమరిది కొడుకు స్వీడన్‌లో చదువుకుంటున్నాడు, ఫోన్లో మాటల్లో చెప్పాడు, "మావయ్యా ఇక్కడ చాలామంది సిగరెట్ మానేసి స్నూస్ అని పెట్టుకుంటారు, చిన్న తిత్తిలా ఉంటది, పై పెదవి కింద పెట్టుకుంటే చాలు, పొగా లేదు ఏమీ లేదు" అని. మన దగ్గర దానికి దగ్గరగా ఏముంది అంటే ఖైనీ. గుట్కా జోలికి పోలేదు, మా ఊళ్ళో ఒక ఫ్రెండు గుట్కా వేసీ వేసీ నోరు రెండు వేళ్ళు కూడా పట్టనంతగా బిగుసుకుపోయింది, ఇడ్లీ కూడా తుంచి తుంచి తోసుకుంటాడు, అది వక్క వల్ల వస్తదని తెలుసు. ఖైనీలో వక్క లేదు కదా, ఆకూ సున్నమే కదా అనుకున్నా. పైగా పొగాకు మనకేం పరాయి సరుకు కాదు, గోదావరి లంకల్లో పండిందే, మా తాతయ్య లంక పొగాకు చుట్ట తాగే పెరిగాడు, రాజమండ్రిలో 1947లోనే దాని మీద పరిశోధన సంస్థే పెట్టారు. ఆకుని చూసి భయపడాలని నాకెప్పుడూ అనిపించలేదు.

మొదటి ఆరు నెలలు నిజంగా పండగే. పొద్దున్నే వచ్చే దగ్గు నెల రోజుల్లో పోయింది. మేత బస్తా భుజాన వేసుకుని గట్టెక్కితే రొప్పు తగ్గింది. వేళ్ళకి పసుపు లేదు, చొక్కాకి వాసన లేదు, అమ్మాయి మళ్ళీ బండెక్కింది. రోజుకి రెండొందలు పోయే చోట ముప్పై రూపాయల్లో అయిపోయేది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే లాగుతూ కూడా నోట్లో ఉంచుకోవచ్చు, రెండు చేతులూ ఖాళీ. అన్నిటికన్నా నాకు నచ్చింది ఎవరికీ తెలీకపోవడం, బస్సులో, బ్యాంకు లైన్లో, పెళ్ళి పందిట్లో, ఆఖరికి మా అత్తగారింటి అరుగు మీద మావయ్యగారి పక్కన కూర్చుని కూడా కింది పెదవి లోపల చిటికెడు పెట్టుకుని మాట్లాడుతూ ఉండేవాణ్ని. మొదట్లో ఉమ్మేవాణ్ని, తర్వాత మింగడం అలవాటైంది, దాంతో ఆ ఒక్క ఆనవాలు కూడా పోయింది. మా ఆవిడ అందరికీ చెప్పుకునేది, మా ఆయన సిగరెట్ మానేశారండీ అని, ఎంత సంతోషంగా చెప్పేదో, నేను పక్కనే నోట్లో అది పెట్టుకుని వింటూ ఉండేవాణ్ని.

నా కోపం అంతా ఇక్కడే. సిగరెట్‌కి ఒక చివర ఉంటది. ఐదారు నిమిషాల్లో కాలిపోద్ది, ఇంకోటి కావాలంటే లేవాలి, అగ్గిపెట్టె వెతకాలి, బయటికెళ్ళాలి, ఎవరో ఒకరు మొహం చిట్లిస్తారు, ఇంట్లో అరుస్తారు, 2008లో పబ్లిక్‌లో తాగకూడదన్న రూలు వచ్చాక బస్టాండులో ఆఫీసుల్లో ఆపుకునేవాణ్ని. ఇవన్నీ అప్పట్లో నాకు చిరాకే, కానీ రోజుకి పన్నెండు దగ్గర నన్ను ఆపింది అవే, నా గుండె నిబ్బరం కాదు. ఖైనీకి అవేవీ లేవు. పొగ రాదు కాబట్టి వద్దనే మనిషి లేడు, వద్దనే చోటు లేదు. రోజుకి నాలుగు చిటికెలతో మొదలెట్టినోణ్ని, ఏడాది తిరిగేసరికి ఒకటి తీసి ఒకటి పెట్టడమే, నోట్లో లేని గంట ఏదంటే అన్నం తినే గంటే.

సున్నం సంగతి కూడా నాకు తర్వాత తెలిసింది. సున్నం వేసి బొటనవేలితో నలుపుతాం కదా, ఘాటు కోసం అనుకునేవాణ్ని, అసలు పని వేరేనట, సున్నం పడితే పొగాకులో నికోటిన్ విడివడి నోటి లోపలి పొరలోంచి నేరుగా రక్తంలోకి దిగుద్ది. సిగరెట్‌లా గుప్పున ఎక్కదు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగుద్ది, దిగకముందే మనం ఇంకోటి పెడతాం. సిగరెట్ తాగిన రోజుల్లో నిద్రపోయే ఏడు గంటలైనా ఒంటికి సెలవుండేది. ఖైనీ మొదలెట్టాక నిద్రలో కూడా పెదవి కింద ఉండేది. ఒకరోజు పొద్దున్నే తలగడ గలీబు మీద గోధుమరంగు మరక చూసి మా ఆవిడ కాఫీ పడిందేమో అంది, అవును అన్నా.

పోయిన ఏడాది మే నెలలో పట్టుబడి అయింది, నలభై కౌంట్ పడింది, అంటే కేజీకి నలభై రొయ్యలు, రేటు బాగుంది, అందరం హుషారుగా ఉన్నాం. ఇంటికి రెండు కేజీలు తెచ్చా, మా ఆవిడ చింతచిగురు వేసి వండింది, అది నాకు ప్రాణం. మొదటి ముద్ద పెట్టుకోగానే కింది పెదవి లోపల ఎడమవైపు నిప్పు పెట్టినట్టు మండింది. కారం ఎక్కువైందేమో అనుకున్నా, పిల్ల చూస్తే శుభ్రంగా తింటోంది. రెండో ముద్దకి కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. మజ్జిగన్నం తిని లేచిపోయా. మా ఆవిడ ఊరుకోలేదు, వీధి గుమ్మంలో కూర్చోబెట్టి, పెదవి కిందకి లాగి ఫోన్ టార్చి వేసి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇక్కడ తెల్లగా ముడతలు ముడతలుగా ఉందండి, పంటి చిగురు కూడా కిందకి జారిపోయింది, ఏం పెడుతున్నారు ఇక్కడ" అంది. అప్పుడు చెప్పా. ఏడాది తొమ్మిది నెలల తర్వాత. ఆవిడ ఒకే మాట అంది, "సిగరెట్ అయితే కనీసం నాకు తెలిసేది కదండీ."

భీమవరంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసికెళ్ళింది. ఆవిడ చూసి పొగాకు పెట్టే చోటే వచ్చిన తెల్ల మచ్చ ఇది, పూర్తిగా మానేసి మూడు వారాల తర్వాత రండి, చాలావరకు మానేస్తే తగ్గుద్ది, తగ్గకపోతే చిన్న ముక్క తీసి క్యాన్సరేమో చూడ్డానికి బయాప్సీకి పంపాలి అని చెప్పింది. బయాప్సీ అన్న మాటకి నా కాళ్ళు వణికాయి, ఇంటికొచ్చేదాకా బండి మా ఆవిడే నడిపింది.

మరి మానేశానా అంటే, లేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయకపోతే ఈ మాటలన్నిటికీ అర్థం లేదు. ఐదు రోజులు ఆపా. ఆరో రోజు తెల్లవారుజామున కరెంటు పోయింది, జనరేటర్ ఒక పట్టాన స్టార్టవ్వలేదు, చెమటలు పట్టేశాయి, అంతా సర్దుకున్నాక చూసుకుంటే చేతిలో ప్యాకెట్ ఉంది. ఎడమవైపు మంట కదా అని కుడివైపు పెట్టుకున్నా. ఆ తర్వాత రోజూ కుడివైపే. మూడు వారాలకి రమ్మంటే ఏడు వారాలకి వెళ్ళా. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, ఎడమవైపు బాగా తగ్గిందండి అంది, నాకు ప్రాణం లేచొచ్చింది, తర్వాత కుడివైపు చూసి అద్దం పక్కన పెట్టేసింది. "ఇది కొత్తగా మొదలైంది, చోటు మార్చారా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ రోజు ఆవిడ చాలాసేపు కూర్చోబెట్టి చెప్పింది. స్వీడన్ సంగతి నేనే ఎత్తా. అక్కడి స్నూస్‌కి పొగాకుని ఆవిరితో వేడి చేసి తయారుచేస్తారు, క్యాన్సర్ తెప్పించే నైట్రోసమైన్లు అందులో తక్కువ, మన ఖైనీలో అవి ఎక్కువ, రెండిటికీ పొగ రాదు, అంతవరకే పోలిక అంది. ఆ స్నూస్‌ని కూడా యూరోపియన్ యూనియన్‌లో 1992 నుంచి అమ్మనివ్వరు, స్వీడన్‌కి ఒక్కదానికే మినహాయింపు. మన దేశంలో 2016-17లో చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో సిగరెట్టో బీడీయో తాగేవాళ్ళు నూటికి 10.7 మంది అయితే పొగరాని పొగాకు వాడేవాళ్ళు 21.4 మంది, సరిగ్గా రెట్టింపు. అంతమంది నోట్లో ఉంటే నాకు మాత్రం కనపడేది సిగరెట్టే, ఎందుకంటే పొగ దానికే ఉంది.

దగ్గు పోయింది, రొప్పు పోయింది అని పైన రాశా కదా, అవి నిజమే, కానీ అవి పొగ మానడం వల్ల వచ్చినవి, ఖైనీ పెట్టడం వల్ల వచ్చినవి కాదు. ఊరికే మానేసినా వచ్చేవి. ఖర్చు తగ్గింది అన్నా, డాక్టరుకీ మందులకీ చిగుళ్ళ ట్రీట్‌మెంటుకీ అయింది లెక్కేస్తే ఆ మాట కూడా నిలబడదు.

ఇప్పుడు ఐదు నెలలైంది ఖైనీ మానేసి. ప్యాకెట్ల మీద 1800-11-2356 అని ఒక నంబర్ ఉంటది, ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు చింపి పారేసినోణ్ని, దానికే ఫోన్ చేశా, తెలుగులోనే మాట్లాడారు, ఏ రోజు మానేస్తారో తేదీ మీరే పెట్టుకోండి అన్నారు, మళ్ళీ వాళ్ళే ఫోన్ చేసి కనుక్కున్నారు. డాక్టరమ్మ 2 ఎంజీ నికోటిన్ గమ్ మొదలెట్టించింది. దీన్ని మామూలు బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే ఎక్కిళ్ళు, కడుపులో మంట, మొదటి రోజు నాకు అదే అయింది. నాలుగైదు సార్లు నమిలి, చురుక్కుమనగానే ఆపి బుగ్గన పెట్టుకోవాలి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. టీ తాగిన వెంటనే వేస్తే పని చెయ్యదు, పావుగంట ఆగాలి, చెరువు మీద టీ ఫ్లాస్కుతో బతికే నాబోటోళ్ళకి అది కష్టమే. రోజుకి ఎనిమిదితో మొదలెట్టి ఇప్పుడు రెండు దగ్గరున్నా. తెల్లవారుజామున నాలుగింటిది మాత్రం ఇంకా వదల్లేదు. రాత్రి కాపలా లేని ఉద్యోగమైతే అది కూడా పోయేదేమో. కుడివైపు మచ్చ తగ్గింది, ఎడమవైపు ఒక చిన్న గీత ఉంది, దాన్ని మూణ్ణెల్లకోసారి చూపించుకోమంది.

ఎవరైనా నన్నడిగితే, మీకు పొగతో ఊపిరి పూర్తిగా పాడై ఏదో ఒకటి వెంటనే ఆపాల్సిన స్థితి అయితే మీ డాక్టర్ని అడగండి, నా అనుభవంతో మీది కొలవలేను. నాలాగా సిగరెట్ మాని ఖైనీ పట్టుకోవాలనుకుంటే మాత్రం వద్దంటా. గమ్ ముందే ఉంది, మందుల షాపుల్లోనే అమ్ముతున్నారు, నేను దాన్ని రెండేళ్ళు ఆలస్యంగా చూశా.

ఒక విషయం మాత్రం రోజూ బాధ పెడుతోంది. మా చెరువు మీద ఉండే శ్రీకాకుళం కుర్రాడు, నన్ను చూసే బీడీ మానేసి ఖైనీ మొదలెట్టాడు, మొదటి ప్యాకెట్ కొనిచ్చింది కూడా నేనే. ఆగస్టులో నా పెదవి లాగి చూపించా వాడికి. చూసి, "మా నాయనమ్మ అడ్డపొగ తాగేదన్నా, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, ఆవిడ అంగిలి కూడా ఇలాగే తెల్లగా ఉండేది" అన్నాడు. తర్వాత ఆవిడకేమైందో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. వాడింకా మానలేదు, తగ్గించా అంటాడు. వచ్చే సోమవారం నా చెకప్ ఉంది, తనూ వస్తానన్నాడు. ఆ పూట చెరువు దగ్గర మా ఆవిడ ఉంటానంది.