వాసన లేని బెంటొనైట్ లిట్టర్: మా పిల్లి చింటూ మళ్లీ డబ్బాలోకే వెళ్తున్నాడు

హనుమకొండలో ఒక పెట్ షాపులో కొన్న వాసన లేని బెంటొనైట్ లిట్టర్ (పిల్లి మలమూత్రాల డబ్బాలో పోసే ఒక రకం బంకమట్టి) రెండు నెలలుగా వాడుతున్నాం. అంతకుముందు లావెండర్ వాసనది వాడేవాళ్లం, మాకు బాగానే ఉండేది కానీ చింటూ డబ్బా వదిలేసి పరుపు మీద, ఉతికిన బట్టల మీద పోసేవాడు, ఇంట్లో రోజూ టెన్షనే. కొట్టకండి, వాడికి ఆ వాసన పడలేదు, అంతే.

కొత్తది సన్నగా ఇసుకలా ఉంటుంది, తడి తగలగానే ఉండ కడుతుంది, తీసి పారేయడం తేలిక. రెండు మూడు అంగుళాల మందం పోసి రోజూ రెండుసార్లు శుభ్రం చేస్తే నాలుగో రోజుకే తేడా కనిపించింది. దుమ్ము మాత్రం బాగా లేస్తుంది, అదొక్కటే నచ్చలేదు.

పాత మరకలకు ఎంజైమ్ క్లీనర్ వాడండి, ఫినాయిల్ వద్దు, అది పిల్లులకు విషం.

ఇంకోటి, లిట్టర్ మార్చేముందు మేం డాక్టరుకు చూపించాం. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, దయచేసి తెల్లారేదాకా కూడా ఆగొద్దు.