సాగర్ లాంచీ ప్రయాణం: నవంబరు నీళ్లలో ఒకసారి, మే నీళ్లలో ఒకసారి

నాగార్జునసాగర్ కుడి గట్టున ఉన్న విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండ దీవికి వెళ్లే లాంచీ నేను రెండుసార్లు ఎక్కాను. మొదటిసారి నవంబరులో, జలాశయం నిండుకుండలా ఉన్నప్పుడు. రెండోసారి ఆ తర్వాతి మే నెలలో, డెబ్బయ్యేళ్లు దాటిన మా అమ్మనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని. రెండుసార్లూ రేవు అదే, దీవి అదే, సుమారు 11 కిలోమీటర్ల దూరమూ అదే. అయినా ఈ రెండింటినీ కలిపి ఒకే మాటలో బాగుందనో బాగాలేదనో చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు, ఎందుకంటే మధ్యలో నీళ్లు మారిపోయాయి.

సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఆ మట్టంలో జలాశయంలో ఉండేది 312 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు). కనీస మట్టంగా లెక్కపెట్టే 510 అడుగులకు వచ్చేసరికి సుమారు 131 టీఎంసీలే మిగులుతాయి. అంటే ఎనభై అడుగుల ఎత్తులో 180 టీఎంసీలు, సగటున అడుగుకు రెండు టీఎంసీలకు పైగా అన్నమాట. కుడి కాలువ, ఎడమ కాలువ ఒక్కోదాని సామర్థ్యం 11 వేల క్యూసెక్కులు, అంటే సెకనుకు 11 వేల ఘనపుటడుగుల నీరు. రెండూ నిండుగా పారుతూ ఎగువ నుంచి చుక్క నీరు రాకపోతే, జలాశయం రోజుకు అడుగుకు కాస్త తక్కువగా దిగిపోతుంది. శ్రీశైలం నుంచి వరద వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెరిగిన మట్టం, యాసంగి పంటలకు నీళ్లు వదిలే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇలా తగ్గుతూ వచ్చి, సరిగ్గా పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చే సమయానికి అడుగంటుతుంది. ఈ జలాశయాన్ని కట్టింది పొలాల కోసం, విహారం కోసం కాదు కనుక ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కానీ మనం పడవ ఎక్కాలనుకునే కాలమూ, పడవకు నీళ్లు తక్కువగా ఉండే కాలమూ ఒకటే కావడం వల్ల, టికెట్టు కొనేముందు తెలుసుకోవలసిన విషయం ఇదే.

నేను తెలుసుకోకుండానే కొన్నాను. హైదరాబాదులో ఒక ట్రావెల్ ఏజెంటు మాకు సాగర్ నుంచి శ్రీశైలం దాకా సాగే రోజంతటి లాంచీ యాత్రను మే నెలకు అమ్మాడు. నల్లమల కొండల మధ్య వంద కిలోమీటర్లకు పైగా సాగి, శ్రీశైలం ఆనకట్ట దిగువన ఉన్న లింగాలగట్టు దగ్గర ముగిసే ఆ యాత్ర సాగర్ బాగా నిండి ఉంటేనే సాధ్యం. మట్టం దిగితే జలాశయం పైకొస వెనక్కి జరిగిపోయి, కొండల మధ్య రాళ్లు తేలిన నదీగర్భమే మిగులుతుంది. ఈ సంగతి ఆ వ్యాపారంలో ఉన్న మనిషికి తెలియకుండా ఉండదు. బయలుదేరడానికి ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి, నీళ్లు లేవు కనుక నాగార్జునకొండకు మార్చామని చెప్పాడు, తేడా డబ్బులో సగమే తిరిగి ఇచ్చాడు. డబ్బు పోయినందుకంటే, శ్రీశైలం మల్లన్న దగ్గరికి నీటిదారిన వెళ్తున్నామని నెల రోజులుగా ఊళ్లో అందరికీ చెప్పుకున్న మా అమ్మ ఆ రాత్రి ఏమీ మాట్లాడకుండా పడుకున్నందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

నవంబరులో రేవుకు వెళ్లినప్పుడు నాలుగు అడుగులు వేసి లాంచీలో కాలు పెట్టాను. మే నెలలో నీటి అంచు కిందికి దిగిపోయి, ఎండకు కాలిన రాతి నేల మీద చాలా దూరం వాలుగా నడవవలసి వచ్చింది. నీడ లేదు. అమ్మ చేయి పట్టుకుని, మోకాళ్ల నొప్పులతో ఆమె ఆగినచోటల్లా ఆగుతూ దిగడానికి మాకు పావుగంట పట్టింది. ఉదయం మొదటి లాంచీ కనుక సరిపోయింది కానీ, మధ్యాహ్నమైతే ఆమెను దింపే సాహసం చేసేవాడిని కాదు. అవతల దీవి దగ్గర ఇదే దూరం ఎక్కవలసి ఉంటుందన్న సంగతి లాంచీ కదిలాక కానీ నాకు తట్టలేదు.

ప్రయాణం మాత్రం రెండుసార్లూ నాకు నచ్చింది. నవంబరులో కొండల పాదాల దాకా పచ్చదనం, దాన్ని తాకుతూ నీళ్లు. మే నెలలో చుట్టూ ఉన్న ప్రతి కొండకూ నడుము దగ్గర గీత గీసినట్టు, నిండుగా ఉన్నప్పటి మట్టం గుర్తు కనిపిస్తుంది. ఆ గీతకు పైన ఎండిన అడవి, కింద చెట్టూ చేమా లేని పాలిపోయిన రాయి. ఆ రాతి చారను చూస్తుంటే, అంకెల్లో చదివిన అడుగులు కంటికి అందే ఎత్తుగా మారతాయి. పిల్లలు ఆ చార ఎన్ని తాటిచెట్ల ఎత్తుంటుందో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లాంచీ నేరుగా వెళ్లకపోవడం గమనించి అమ్మ అడిగితే, లాంచీ నడిపే సరంగు చుక్కాని మీద నుంచి చేయి తీయకుండానే, "వానాకాలం పోయిన దారిన ఎండాకాలం పోలేం పెద్దమ్మా, కింద గుట్టలుంటయ్" అన్నాడు. నీళ్లు దిగినప్పుడు మునిగి ఉన్న గుట్టల తలలు లాంచీ అడుగుకు దగ్గరగా వస్తాయి, జాలర్ల వలలు కూడా మిగిలిన లోతు నీళ్లలోకే చేరతాయి. ఆ గుట్టలన్నీ మనసులో పెట్టుకుని నడిపిన ఆ సరంగు నేర్పు వల్లనే మేము ఏ కుదుపూ లేకుండా చేరాం. లైఫ్ జాకెట్టు కట్టుకోనిదే ఎవరినీ కూర్చోనివ్వకపోవడమూ, పిల్లల జాకెట్ల పట్టీలను సిబ్బంది తామే వంగి బిగించడమూ నాకు ఎంతో ధైర్యాన్నిచ్చాయి.

నిజానికి మనం దీవి అనుకునేది ఒక కొండ శిఖరం. దాని చుట్టూ ఉన్న లోయలో, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలను కొండ మీది మ్యూజియానికి చేర్చింది, కొన్ని కట్టడాలను విప్పి మళ్లీ పైన పేర్చింది. వాటిలో ఒక రాతి స్నానఘట్టం ఉంది. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున నీళ్లలోకి దిగిన ఆ మెట్లు ఇప్పుడు ఏ మట్టంలోనూ నీరు అందని ఎత్తున ఉన్నాయి. అమ్మ వాటి మీద కూర్చుని, చాలాసేపు కిందికి చూస్తూ ఉండిపోయింది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచీ తిరిగి బయలుదేరే వేళ గంట వ్యవధిలోనే ఉంటుంది కనుక, వేసవిలో ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయాన్ని అందులోంచి తీసివేస్తే మ్యూజియం చూడడానికి మిగిలేది అరగంట. బౌద్ధ శిల్పాలను నిదానంగా చూడాలనుకునేవారు నిండు నీళ్ల కాలంలోనే రావాలి.

నీళ్లు ఎక్కువగా ఉన్నంత మాత్రాన క్షేమమని నేను అనడం లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు నది వరద మీద ఉంది. సాగర్‌లో కూడా గేట్లు ఎత్తిన రోజుల్లో, గాలి లేచిన సాయంత్రాల్లో లాంచీ నిలిపివేస్తే విసుక్కోకుండా వెనక్కి రావడం మన బాధ్యత. మరోవైపు 2024 వేసవిలో మట్టం 510 అడుగుల దగ్గరికి పడిపోయి, హైదరాబాదు తాగునీటి కోసం జలాశయం నుంచి నీళ్లు తోడే పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు నడపవలసి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆనకట్ట పైభాగాన వరద నీటిని వదిలే క్రెస్టు గేట్లు ఎత్తారు. నాలుగు నెలల్లో ఇంత తేడా వచ్చే జలాశయానికి క్యాలెండరు చూసి బయలుదేరడంలో అర్థం లేదు.

అందుకే వెళ్లాలనుకునేవారికి నా సలహా ఇది: దినపత్రికలలో రోజూ వచ్చే జలాశయాల నీటిమట్టం చూడండి. 570 అడుగులు దాటి ఉంటే ఇంటిల్లిపాదీ నిశ్చింతగా వెళ్లవచ్చు. 530 లోపు ఉంటే లాంచీ నడుస్తోందో లేదో రేవుకే ఫోన్ చేసి కనుక్కుని, నడవగలిగినవారే ఉదయం పూట వెళ్లండి. ఇవి ఏ శాఖా నిర్ణయించిన హద్దులు కావు, రెండుసార్లు ఆ గట్టు దిగి ఎక్కిన అనుభవంతో నేను గీసుకున్నవి. టికెట్లు అమ్మేవారు, ఏజెంట్లయినా మరెవరైనా, ఆనాటి నీటిమట్టాన్నీ నీటి అంచు దాకా నడవవలసిన దూరాన్నీ టికెట్టు మీద ముద్రిస్తే ఎంత బాగుంటుందో! ఒక అంకె కనిపిస్తే, మా అమ్మలాంటివారి ప్రయాణాన్ని ఇంట్లోనే ఆలోచించి నిర్ణయించుకోవచ్చు.

నీళ్లు బాగా తగ్గినప్పుడు పెద్దవాళ్లను తీసుకువెళ్లవలసి వస్తే, విజయపురి సౌత్‌కు దగ్గరలోనే ఉన్న అనుపు మేలు. లోయలోంచి తరలించిన కట్టడాలలో కొన్నింటిని అక్కడ మళ్లీ నిలబెట్టారు, కారు దాదాపు వాటి దాకా వెళ్తుంది. తిరుగు ప్రయాణంలో మేమూ అక్కడ ఆగాం. అమ్మ అక్కడి ప్రాచీన రంగస్థలం మెట్ల మీద కొంగు పరిచి కూర్చుని, పిల్లలకు పులిహోర పొట్లాలు విప్పింది. శ్రీశైలానికి కార్తీకంలో నీళ్లు నిండాక వెళ్దామని ఆమే అంది.