నకిలీ సరుకుకు జవాబుదారీ ఎవరు: అమెరికా పద్ధతి మేలా, ఐరోపా పద్ధతి మేలా?

ఆన్‌లైన్ మార్కెట్‌లో ఎవరో పెట్టిన నకిలీ వస్తువు అమ్ముడుపోతే ఆ మార్కెట్‌ను నడిపే కంపెనీని ఎంతవరకు బాధ్యురాలిని చేయాలన్న ప్రశ్నకు అమెరికా, ఐరోపా న్యాయస్థానాలు రెండు దారులు చూపాయి.

టిఫనీ కంపెనీ ఈబేపై వేసిన దావాలో అమెరికా రెండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2010లో ఇచ్చిన తీర్పు ప్రకారం, తన సైట్‌లో నకిలీ నగలు తిరుగుతున్నాయని ఈబేకు స్థూలంగా తెలిసినంత మాత్రాన బాధ్యత పడదు. ఫలానా ప్రకటనలోని వస్తువు నకిలీదని తెలిసీ ఆ విక్రేతకు చోటిస్తేనే పడుతుంది. అంటే కాపలా భారమంతా బ్రాండ్ యజమానిదే. టిఫనీ అందుకు మనుషులను పెట్టుకోగలదు. పోచంపల్లి ఇక్కత్ పేరు చెప్పి అచ్చు వేసిన డిజైన్ చీరలు అమ్మేవారిని రోజూ వెతికి పట్టుకునే స్తోమత నేత కార్మికుల సంఘానికి ఎక్కడిది?

ఐరోపా న్యాయస్థానం కంపెనీకి ఏమి తెలుసన్న దానితో ఆగకుండా అది ఏమి చేస్తోందో కూడా చూసింది. అమ్మకపు ప్రకటనలను మెరుగుపరచడంలోనో ప్రచారం చేయడంలోనో సాయపడిన వేదిక తటస్థ మధ్యవర్తినని చెప్పుకోవడానికి వీల్లేదని 2011లో, సౌందర్య సాధనాల కంపెనీ లోరియల్ ఈబేపై వేసిన కేసులో తేల్చింది. ఎర్రటి అడుగుభాగం గల బూట్లకు పేరుపడ్డ లూబుటాన్ 2022లో అమెజాన్‌పై నెగ్గుకొచ్చిన వాదం ఇంకా సూటిగా ఉంది: తన సరుకునూ ఇతరుల సరుకునూ ఒకే తీరులో చూపి, ప్రతి ప్రకటనపై తన లోగో పెట్టి, గిడ్డంగిలో దాచి, ఇంటికి పంపితే, ఆ బూట్లు అమెజానే అమ్ముతోందని సాధారణ కొనుగోలుదారు అనుకునే అవకాశం ఉంది, అలాంటప్పుడు ట్రేడ్‌మార్క్‌ను వాడుకున్నది అమెజానే కావచ్చు.

నా దృష్టిలో రెండోదే మేలు, ఎందుకంటే సరుకును చేత్తో పట్టుకుని ప్యాక్ చేసేవారికి దాన్ని పరీక్షించే వీలు ఉంటుంది, ప్రతి అమ్మకంపై కమీషనూ వస్తుంది. కేవలం ప్రకటనలు వేసే పాత సామాను సైట్లకు మాత్రం అమెరికా పద్ధతే న్యాయం. వాటిపైనా ఇదే భారం మోపితే చిన్న విక్రేతలకు చోటే దొరకదు.

మన దేశంలో ఐటీ చట్టం సెక్షన్ 79, ఇతరులు పెట్టినవాటికి బాధ్యత పడకుండా మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది. అదే లూబుటాన్ వేసిన మరో కేసులో ఢిల్లీ హైకోర్టు 2018లో ఐరోపా వైపు మొగ్గి, అమ్మకంలో చురుగ్గా పాల్గొనే సైట్‌కు ఆ రక్షణ దక్కదంది. 2020లో ప్రత్యక్ష అమ్మకాల కంపెనీ ఆమ్‌వే కేసులో అదే కోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం), చురుకైన మధ్యవర్తి, తటస్థ మధ్యవర్తి అన్న తేడా ఆ సెక్షన్‌లో లేనే లేదంది. ఆ వివాదం నకిలీల గురించి కాకపోయినా, ఈ మాట మాత్రం వేదికలకు అక్కరకొచ్చింది. అదే ఏడాది వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు విక్రేత వివరాలు చూపాలన్నాయి, ట్రేడ్‌మార్క్ వంటి చట్టాల కింద తొలగించిన సరుకును పదేపదే పెట్టేవారి జాబితా ఉంచుకోవడానికి ప్రయత్నించాలన్నాయి; వారిని బయటికి పంపాలా వద్దా అన్నది మాత్రం కంపెనీ ఇష్టానికే వదిలేశాయి.