కాక్టస్ జ్యూస్ రెసిన్: అనంతపురం ఎండల్లో ఎంతవరకు పనికొస్తుంది

కత్తి పిడులకు, పెన్నులకు పుచ్చిన మామిడి, మెత్తబడిన చింత ముక్కలను గట్టిపరచాలంటే కాక్టస్ జ్యూస్ నమ్మదగిన సరుకు. ఇది పలచటి మెథాక్రిలేట్ రెసిన్, అంటే వేడికి గట్టి ప్లాస్టిక్‌లా మారే ద్రవం. ఎపాక్సీలాగా కలిపిన కాసేపటికే బిగుసుకోదు, వేడి తగిలేదాకా ద్రవంగానే ఉంటుంది. కట్టె లోపలికి దిగడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. మిగిలింది వడగట్టుకుని మళ్లీ వాడుకోవచ్చు.

ముక్క నడిమధ్య మెత్తగానే మిగిలిందంటే చాలాసార్లు తప్పు రెసిన్‌ది కాదు, తేమది. అనంతపురం ఎండలో నెలల తరబడి ఆరిన కట్టెలో కూడా ఆరేడు శాతం తేమ ఉంటుంది. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 104 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి తూచండి, ఇంకో గంట అందులోనే ఉంచి మళ్లీ తూచండి. బరువు తగ్గడం ఆగితేనే ఆరినట్టు. వెంటనే జిప్ కవర్లో వేసి మూసి చల్లారనివ్వాలి. బయట వదిలితే మళ్లీ తేమ పీలుస్తుంది. వేడిమీదే రెసిన్‌లో వేస్తే డబ్బాలోని రెసిన్ చెడిపోతుంది.

వ్యాక్యూమ్ డబ్బాలో (పంపుతో లోపలి గాలి లాగేసే డబ్బా) ముక్కలు తేలకుండా బరువు పెట్టి, వాటిపైన అంగుళం నిలిచేలా రెసిన్ పోయాలి. డబ్బా సగం ఖాళీగా ఉండాలి. మొదట్లో నురగ బాగా పొంగుతుంది, అది పంపులోకి వెళ్లకుండా వాల్వును కొద్దికొద్దిగా తిప్పాలి. అనంతపురం సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి కాస్త తక్కువ కాబట్టి గేజీ ముల్లు 28.7 అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గర ఆగుతుంది. 29 రాలేదని పంపును అనుమానించనక్కర్లేదు. బుడగలు పూర్తిగా ఆగేదాకా పంపు నడవాలి. పుచ్చు మామిడికి కొన్ని గంటలు చాలు, బిగువు కట్టెకు రోజంతా పడుతుంది.

తొందరపడేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పంపు నడిచేటప్పుడు కట్టెలోంచి గాలి బయటికి వస్తుందంతే. వాల్వు తెరిచాకే బయటి గాలి ఒత్తిడి రెసిన్‌ను లోపలికి తోస్తుంది. అందుకే పంపు నడిచిన సమయానికి కనీసం రెండింతల సేపు ముక్కలను అందులోనే నాననివ్వాలి.

తర్వాత ఒక్కో ముక్కను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ఓటీజీలో 90–95 డిగ్రీల్లో వేడి చేయాలి. రెండంగుళాల ముక్కకు రెండు గంటలైనా కావాలి, ఎందుకంటే నడిమికీ ఆ వేడి చేరాలి. ఓటీజీ మీది అంకెలను నమ్మకుండా లోపల వేరే థర్మామీటరు పెట్టండి. ఆ ఓటీజీని మళ్లీ వంటకు వాడకూడదు, గది కిటికీలు తెరిచే ఉంచాలి.

రంగుకు రెసిన్ డై మాత్రమే వాడాలి. మైకా పొడి రేణువులు కట్టె రంధ్రాల్లో దూరవు, పైనే ఆగిపోతాయి. బిగువు కట్టెలో డై కూడా వడకట్టుకుపోయి నడిమి పాలిపోతుంది. రెండు రంగులు కావాలంటే మొదటి విడత వ్యాక్యూమ్ తక్కువసేపే పెట్టండి, లేకపోతే రెండో రంగుకు చోటు మిగలదు. చేవదేరిన కట్టె మీద ఈ రెసిన్ వృథా. కడప ఎర్రచందనం అలాంటిదే, పైగా అనుమతి లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోవడం నేరం.

ఈ ఊరికి పెద్ద చిక్కు నిల్వ. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. యాక్టివేటర్ (వేడికి గట్టిపడేలా చేసే మందు) కలిపిన రెసిన్‌ను రేకుల షెడ్డులో వదిలితే డబ్బాలోనే చిక్కబడుతుంది. అందుకే ఆ పూటకు కావలసినంతే తూచి కలిపి, మిగిలింది తిండి పదార్థాలు లేని ఫ్రిజ్‌లో పెట్టాలి. అలాంటి ఫ్రిజ్ లేనివాళ్లు ఈ పనిని చలికాలానికి ఉంచుకోవడం మేలు.