ట్రాక్ మీద టైర్ల గాలి: డయల్ గేజ్, ప్రోబ్ థర్మామీటర్ చాలాకాలం వాడాక

నా మాజ్దా ఎంఎక్స్-5 డోరు ఫ్రేమ్ మీది స్టిక్కర్ నాలుగు టైర్లకూ 29 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్) అంటుంది. రోడ్డుకు అది చక్కగా సరిపోతుంది. రేసు ట్రాక్ మీద అదే అంకెతో మొదలుపెడితే మాత్రం నాలుగైదు ల్యాపులకే పట్టు తగ్గిపోతుంది. స్టీరింగ్ తిప్పినా ముక్కు లోపలికి రాదు, కారు బయటికి కొట్టుకుపోతుంది. ఈ గొడవ తేల్చుకోవడానికి రెండు వస్తువులు కొన్నాను. ఒకటి గాలి వదిలే బటన్ ఉన్న డయల్ గేజ్, రెండోది రబ్బరులోకి గుచ్చి వేడి చూసే ప్రోబ్ థర్మామీటర్. కొన్ని సీజన్లుగా రెండూ నా దగ్గరే ఉన్నాయి. గేజ్ రోజంతా చేతిలో ఉంటుంది. థర్మామీటర్ ఇప్పుడు బ్యాగులోంచి బయటికి వచ్చేది తక్కువ.

గేజ్ కొనేటప్పుడు డయల్ ఎంతవరకు ఉందో చూడండి. నాది 60 వరకే. మనకు కావలసిన 27 నుంచి 36 దాకా సరిగ్గా ముల్లు మధ్యలో తిరిగే చోట పడుతుంది, మెకానికల్ గేజ్ నికరంగా చూపించేదీ అక్కడే. 160 దాకా ఉన్న డయల్ మీద అర పీఎస్ఐ తేడా కంటికి ఆనదు. పక్క కారతని గేజ్ కంటే నాది అర పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. నేను పట్టించుకోను. నా నోట్‌బుక్‌లో ఉన్న అంకెలన్నీ ఈ ఒక్క గేజ్‌తో తీసినవే కాబట్టి వాటిలో వాటికి పేచీ లేదు. గేజ్ మార్చిన రోజు ఆ నోట్‌బుక్ మళ్లీ మొదటి పేజీ నుంచి రాయాలి.

అసలు పట్టుకోవలసింది చల్లటి అంకెను కాదు, వేడెక్కాక నిలిచే అంకెను. బయట 25 డిగ్రీలున్నప్పుడు 27 నింపితే, లోపలి గాలి 70 డిగ్రీలకు చేరేసరికి అది 33 దాటుతుంది. 29 నింపితే 35 దాటుతుంది. సుమారుగా ప్రతి ఏడు డిగ్రీలకు ఒక పీఎస్ఐ. రోడ్డు మీద కూడా తిరిగే స్పోర్ట్స్ టైర్లతో, ఇంత తేలికైన కారులో, నాకు వేడి మీద 33-34 దగ్గర బాగుంది. బరువైన కారుకు, సెమీ స్లిక్ టైర్లకు (గాళ్లు బాగా తక్కువగా ఉండే ట్రాక్ టైర్లు) ఈ అంకె వేరు. టైరు కంపెనీ వేడి ప్రెషర్ చెప్పి ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటుకి) వచ్చీ రాగానే చూడాలి, కబుర్లలో పడితే టైర్లు చల్లారిపోతాయి. ట్రాక్ గడియారపు ముల్లు దిశలో తిరిగేదైతే ఎడమ టైర్ల మీద భారం ఎక్కువ, కాబట్టి వాటిలోనే ప్రెషర్ ఎక్కువ పెరుగుతుంది. ఎడమా కుడీ వేడి మీద సమానం అయ్యేలా బటన్ నొక్కి గాలి వదిలేస్తాను. మర్నాడు పొద్దున చల్లగా చూస్తే ఎడమవైపు ఒకటో రెండో తక్కువ ఉంటుంది. అది లీకేజీ కాదు, కంగారుపడొద్దు.

థర్మామీటర్ విషయానికొస్తే, ట్రెడ్‌లో (టైరు రోడ్డుకు ఆనే భాగంలో) లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా గుచ్చి చూస్తాం. మధ్య భాగం ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు, రెండు అంచులూ వేడిగా ఉంటే తక్కువైనట్టు. బయటి అంచు ఒక్కటే మండిపోతుంటే గాలి కన్నా ముందు క్యాంబర్ (చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణం) సంగతి చూడాలి. నా కారులో ఈ మూడో కథే బయటపడింది. థర్మామీటర్ లేకపోతే ఆ తప్పును ప్రెషర్‌తో సరిచేస్తూ కూర్చునేవాణ్ణి. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఇది తేలదు. అది పైపొర వేడినే చూస్తుంది, ఆ పొర పిట్‌కు వచ్చేలోపే చల్లబడుతుంది.

క్యాంబర్ సర్దాక మాత్రం దాని అవసరం తగ్గింది. ఇప్పుడు ముందు టైరు అంచు మీద తెల్ల షూ పాలిష్ ఒక గీత పూస్తాను. చాలా టైర్ల సైడ్‌వాల్ (పక్క గోడ) పైభాగంలో చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. ఒక సెషన్ తర్వాత పాలిష్ ఆ త్రికోణం కొన దాకా చెరిగితే సరే. దాన్ని దాటి కిందికి చెరిగితే టైరు పక్కకు ఒరిగిపోతోంది, గాలి చాలదు. కొన దాకా కూడా రాకపోతే ఇంకొంచెం వదలొచ్చు. పాలిష్ ఖరీదుకు ఇంత పని చేసే పరికరం ఇంకోటి లేదు!

నైట్రోజన్ గురించి చాలామంది అడుగుతుంటారు. వేడికి అదీ వ్యాకోచిస్తుంది, దాని మేలంతా తేమ లేకపోవడంలో ఉంది. కంప్రెసర్‌లో నీళ్లు చేరకుండా చూసుకుంటే మామూలు గాలే చాలు. వానలో టైరు అంతగా వేడెక్కదు కాబట్టి ఆ రోజు పొడి రోజు కంటే ఎక్కువతోనే మొదలుపెడతాను. గాలి మరీ తగ్గితే నీటి మీద తేలిపోయే బెడద కూడా పెరుగుతుంది.

లోపాలూ ఉన్నాయి. గేజ్ గొట్టం వాల్వ్ దగ్గర చిట్లితే మార్చాను, కొన్ని చువ్వల చక్రాలకు దాని తల సరిగ్గా ఆనదు. ప్రోబ్ సూది వంగింది. వీటితో పాటు చిన్న కంప్రెసర్ కూడా ఉండాలి, ఎందుకంటే ట్రాక్‌లో వదిలిన గాలిని ఇంటికి బయల్దేరే ముందు తిరిగి కొట్టుకోవాలి. వేడి మీద 33కి తెచ్చిన టైరు చల్లారితే 26-27కు దిగుతుంది, పొద్దున్నే చలిలో ఇంకా తక్కువ. డాష్‌బోర్డు హెచ్చరిక దీపం ఎప్పుడు వెలుగుతుందా అని ఎదురుచూడొద్దు, చాలా కార్లలో అది బాగా తగ్గాక గానీ వెలగదు.