నల్లగొండ బోరు నీళ్లలో నాలుగేళ్లు: పాత బాత్రూం మార్పించాక ఏది నిలిచింది, ఏది నిలవలేదు

మాది నల్లగొండ. 90ల్లో కట్టిన ఇల్లు. మొదటి అంతస్తులో మా బెడ్‌రూంకు ఆనుకొని 5 బై 8 అడుగుల అటాచ్డ్ బాత్రూం ఉంది. 2021లో దాన్ని మొత్తం పగలగొట్టించి కొత్తగా చేయించాం. టైల్స్, నల్లాలు, కమోడ్, గీజర్, కూలీ అన్నీ కలిపి 90 వేల దగ్గర తేలింది. నాలుగేళ్లకు పైగా రోజూ వాడినంక రాస్తున్న సమీక్ష ఇది. ఎందుకంటే కొత్తలో ఏ బాత్రూమైనా బాగానే ఉంటుంది, మన బోరు నీళ్లు దాని సంగతి తేల్చేది రెండో ఎండాకాలం దాటినాకే.

చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు ముందు కంటికి కనబడని పనులకే పెట్టండి. పైపులు, వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు పోయే వాలు, టైల్స్ మధ్య సందులు. వీటికి పోగా మిగిలినదాంతో టైల్స్ డిజైను, నల్లాల మెరుపు చూసుకోవచ్చు. మేం ఇట్లనే చేశాం, ఇప్పటికీ అదే సరైనదని గట్టిగా నమ్ముతున్నా.

మేస్త్రి మొదట "పాత టైల్స్ మీదనే కొత్తవి అతికిద్దాం అన్నా, పగలగొట్టుడు ఖర్చు మిగుల్తది" అన్నాడు. అందులో మోసమేం లేదు, దానికి తగ్గ అడ్హెసివ్ దొరుకుతుంది, గోడలు పొడిగా ఉన్న ఇంట్లో అది మంచి పద్ధతే. కానీ మా ఇంట్లో కింద వంటింటి స్లాబుకు చెమ్మ దిగి గిలాబు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో చూడకుండా పైన కప్పేస్తే లాభం లేదు కదా. పగలగొట్టాక పాత జీఐ (ఇనుప) పైపు ముక్క ఒకటి చేతికి తీసుకొని లోపలికి చూశాను. తుప్పు, తెల్ల గడ్డ కలిసి పైపంతా మూసుకొచ్చి, మధ్యలో చిటికెన వేలు కూడా పూర్తిగా దూరని సందు మిగిలింది. నల్లా తిప్పితే సన్నటి ధార ఎందుకొచ్చేదో అప్పుడు అర్థమైంది. మొత్తం సీపీవీసీ (వేడి నీళ్లకూ ఆగే ప్లాస్టిక్) పైపులు వేయించాం, గోడల్లో పైపులకు కొట్టిన గాడులు మూసేముందు రాత్రంతా నీళ్ల ప్రెషర్ పెట్టి వదిలేశాం. ఇప్పటిదాకా ధార తగ్గలేదు.

వాటర్‌ప్రూఫింగ్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అందరూ కోత పెట్టేది ఇక్కడే. కెమికల్ రెండు పూతలు వేయించాలి, మొదటిది ఆరినాకే రెండోది. గచ్చుకు మాత్రమే కాదు, గోడలకు కూడా అడుగు ఎత్తు వరకు, స్నానం చేసే వైపు ఇంకా పైదాకా. గోడా గచ్చూ కలిసే మూలల్లో జాలీ గుడ్డ పెట్టి దాని మీద పూయాలి, పగుళ్లు వచ్చేది అక్కడే. ఆ తర్వాత నహాని ట్రాప్‌కు (గచ్చు మీది నీళ్లు బయటికి పోయే కంత) గుడ్డ కుక్కి, రెండు అంగుళాల నీళ్లు నింపి, రెండు రోజులు కదపకుండా వదిలేసి కింది స్లాబు చూడాలి. మేస్త్రి తొందర పడతాడు, ఆయనకు ఇంకో పని ఉంటుంది, అయినా ఒప్పుకోవద్దు. మా వంటింటి స్లాబుకు మళ్లీ గిలాబు చేయించి సున్నం వేయించాం, నాలుగు వానాకాలాలు పోయాయి, ఒక్క మరక రాలేదు. ఈ పనికి మాకైంది ఆరు వేలే.

వాలు కూడా టైల్స్ అతికించే రోజే చూసుకోవాలి. ఒక మగ్గు నీళ్లు తలుపు దగ్గర పోసి, మధ్యలో ఆగకుండా ట్రాప్ దాకా పోతున్నాయా అని చూడండి. సిమెంటు ఆరినాక టైల్స్‌ను రూపాయి బిళ్లతో కొట్టి వినండి, డొల్ల శబ్దం వస్తే ఆ టైల్ తీయించి మళ్లీ వేయించాల్సిందే.

ఇక నీళ్ల సంగతి. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది, నల్లాల మీద కట్టే తెల్ల పొర కూడా అదేనని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ పొర నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల వస్తుంది. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, అది తాగే నీళ్ల సమస్య, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకూ ఎముకలకూ చేటు. మా ఇంట్లో తాగడానికి, వంటకు మిషన్ భగీరథ (ప్రభుత్వ నల్లా) నీళ్లు, బాత్రూంకు మాత్రం బోరే. అందుకని బాత్రూంలో ఏది కొన్నా ఈ తెల్ల పొరను తట్టుకుంటుందా, తుడిస్తే పోతుందా అన్నదే మొదటి ప్రశ్న.

దాని ప్రకారం చూస్తే మంచి మార్కులు టైల్స్ సందుల్లో నింపే ఎపాక్సీ గ్రౌట్‌కు. మామూలు వైట్ సిమెంటు కంటే మూడు వేలు ఎక్కువైంది, కానీ సందులు ఇప్పటికీ నల్లబడలేదు. కింద అమ్మ వాళ్ల బాత్రూంలో యాసిడ్ పోసి పోసి వైట్ సిమెంటు తినుకుపోయి, ఇప్పుడు సందుల్లోనే నీళ్లు నిలుస్తున్నాయి. టైల్స్ లేత బూడిద రంగువి, గచ్చుకు 12 బై 12 అంగుళాల యాంటీ స్కిడ్‌వి తీసుకున్నాం. ముదురు రంగు టైల్స్ షాపులో ఎంత బాగున్నా మన నీళ్లకు వద్దు, ప్రతి చుక్కా తెల్లగా అచ్చు పడుతుంది. నల్ల మ్యాట్ నల్లాలకూ అదే మాట, మా చెల్లె వాళ్లింట్లో ఏడాదికే బూడిద పూసినట్టు అయ్యాయి. మామూలు క్రోమ్‌వే నయం.

తలమీద వాన కురిసినట్టు పడే పెద్ద షవర్ కొనాలనుకునేవాళ్లు ముందు ట్యాంకు ఎత్తు చూసుకోండి. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మా ట్యాంకు బాత్రూం స్లాబు మీదనే ఉంది, షవర్‌కు రెండు మీటర్ల ఎత్తు కూడా దొరకదు. ప్రెషర్ పంపు పెట్టకుండా ఆ షవర్ పనిచేయదు. మేం హ్యాండ్ షవర్ తీసుకున్నాం, దానికి రబ్బరు లాంటి మెత్తటి చుక్కల రంధ్రాలు ఉంటాయి, బొటనవేలితో రుద్దితే చాలు సున్నం పొట్టులా రాలిపోతుంది.

గీజర్ 15 లీటర్లది. దీని మీద పూర్తి తృప్తి లేదు. తప్పు గీజర్‌ది అనను, నీళ్లే అట్లాంటివి. ఏటా చలికాలం ముందు విప్పించి ఎలిమెంట్ మీది గడ్డ గీకించాలి, లోపలుండే మెగ్నీషియం రాడ్ కరిగిపోతే మార్పించాలి. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. వేడి 50, 55 డిగ్రీల దగ్గర పెడితే గడ్డ తక్కువ కడుతుంది. 16 ఆంపుల సాకెట్, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించకుండా గీజర్ ఆన్ చేయొద్దు, ఇందులో పొదుపు చేయొద్దని చేతులు జోడించి చెప్తున్నా.

పీవీసీ తలుపు నీళ్లకు పాడవలేదు గానీ కింది బందు వదులై ఒరుసుకుంటోంది, దాని ధరకు అంతే. కమోడ్ బాగుంది, అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైకొచ్చినప్పుడు ఆమెకు ఇదే సుఖం. కొనేముందు గోడనుంచి పైపు దూరం కొలిచి ఎస్ ట్రాపా (పైపు గచ్చులోకి పోయేది), పీ ట్రాపా (గోడలోకి పోయేది) అని తేల్చుకొని షాపుకు పోండి.

శుభ్రం చేయడానికి యాసిడ్ మానేశాం. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు గోరువెచ్చని మగ్గు నీళ్లలో కలిపి, గుడ్డ తడిపి నల్లాకు చుట్టి అరగంట వదిలితే పొర మెత్తబడి ఊడొస్తుంది. తాండూరు బండ మీద మాత్రం పడనీయొద్దు, అది సున్నపురాయి, మచ్చ పడుతుంది. మా గుమ్మం పట్టీకి అందుకే గ్రానైట్ వేయించాం. యాసిడ్ వాడేవాళ్లు దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఎండాకాలం ఊరికి పోయి వస్తే వాసన కొడుతుందా? ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి ఉంటాయి, ఒక మగ్గు పోస్తే సరిపోతుంది.

టైల్స్ ఒక పెట్టె ఎక్కువ కొని దాచుకోండి, పైపులు మూసేముందు టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. పోయినేడు గీజర్ దగ్గర ఒక ఎల్బో (పైపు మలుపు ముక్క) కారితే, ఫోటోలో కొలత చూసి సరిగ్గా అక్కడే కొట్టాడు ప్లంబర్. రెండే టైల్స్ పోయాయి. షాపులో అడిగితే ఆ డిజైన్ రావడమే ఆగిపోయిందట, మెట్ల కింద పెట్టెలోవి తీసి వేయించాం.