కడుపులో ఉన్నప్పుడే ఆపరేషనా, పుట్టాకనా? ఏది మేలు?

ఐదో నెలలో బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే టిఫా స్కాన్‌లో బిడ్డ వెన్ను మూసుకోలేదని, అంటే స్పైనా బైఫిడా ఉందని తేలగానే మన తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకరు "కడుపులోనే కుట్టేస్తారంట" అంటారు, ఇంకొకరు "పుట్టనీ, తర్వాత చూసుకుందాం" అంటారు. ఆ "చూసుకుందాం"తోనే నాకు పేచీ.

కడుపులో చేసే ఆపరేషన్‌ను తేలిగ్గా తీసేయలేం. ఈ రెండు దారులనూ పోలుస్తూ అమెరికాలో జరిగిన పరిశోధన, మామ్స్ ట్రయల్ ఫలితాలు 2011లో వచ్చాయి. 26 వారాల లోపు గర్భసంచి తెరిచి వెన్ను మూసిన పిల్లల్లో ఏడాదిలోపు తలలో చేరిన నీటిని మళ్లించే గొట్టం (షంట్) పెట్టాల్సి వచ్చింది 40 శాతం మందికే, పుట్టాక మూసినవాళ్లలో అది 82 శాతం. రెండున్నరేళ్లకు ఏ ఆసరా లేకుండా నడిచినవాళ్లు 42 శాతం, రెండో గుంపులో 21. ఈ అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, కానీ అదే ట్రయల్‌లో కడుపులో ఆపరేషన్ అయిన పిల్లల్లో దాదాపు 80 శాతం మంది నెలలు నిండకుండానే పుట్టారు, తల్లికేమో ఆ తర్వాత ప్రతి కాన్పూ సిజేరియనే, పైగా గర్భసంచి కుట్టు విచ్చుకునే భయం. ఇంతా చేసి అందరికీ చేయరు కూడా, కవలలైనా, బిడ్డకు వేరే పెద్ద లోపాలున్నా మామూలుగా వద్దంటారు.

పుట్టాక అయితే రెండు మూడు రోజుల్లోపు వెన్ను మూస్తారు, తల్లికి అదనపు కోత లేదు. అప్పటికే దెబ్బతిన్న నరాలు మాత్రం తిరిగి రావు.

నన్నడిగితే మనవైపు చాలామందికి రెండోదే నడిచే దారి, అదీ కాన్పు చోటు ముందే ఖాయం చేసుకుంటేనే. పురుడు పుట్టింట్లోనే అని పట్టుబట్టి పలమనేరులోనో పుత్తూరులోనో కాన్పు చేయించి, తెరుచుకున్న వెన్నుతో పసిబిడ్డను అంబులెన్స్ ఎక్కించడం ఎందుకు? చిత్తూరు వాళ్లకు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. పిల్లల సర్జన్, పసిబిడ్డల ఐసీయూ (ఎన్ఐసీయూ) ఉన్నచోటికి నొప్పులు రాకముందే చేరండి. అత్తగారు అలిగితే అలగనివ్వండి.

అన్ని లోపాలకూ ఇదే లెక్క కాదు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర డయాఫ్రమ్‌లో రంధ్రం పడి పేగులు ఛాతీలోకి వెళ్లి, ఊపిరితిత్తులు బాగా చిన్నవిగా ఉంటే కడుపులో ఉండగానే బిడ్డ శ్వాసనాళంలో బెలూన్ పెట్టడం మేలు. 2021లో వచ్చిన ట్రయల్ ప్రకారం తీవ్రమైన కేసుల్లో బెలూన్ పెట్టినవాళ్లలో 40 శాతం బతికి ఇంటికెళ్లారు, పెట్టనివాళ్లలో 15 శాతమే. మధ్యస్థంగా ఉన్నవాటిలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. గుండెలో పెద్ద రక్తనాళాలు తారుమారైతే అసలు పని పుట్టాకే, అదీ వెంటనే. తిరుపతిలో టీటీడీ 2021లో తెరిచిన శ్రీ పద్మావతి హృదయాలయం పిల్లల గుండె ఆసుపత్రే, కాన్పుకు ముందే వెళ్లి మాట్లాడి పెట్టుకోండి.

ఏ దారైనా టిఫా 18-20 వారాల మధ్య అయిపోవాలి. 24 వారాలు దాటాక గర్భం వద్దనుకుంటే తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి, వెన్ను ఆపరేషన్‌కేమో 26 వారాలకే తలుపు మూసుకుంటుంది. ఒక బిడ్డకు వెన్ను లోపం వచ్చి ఉంటే, మళ్లీ గర్భం అనుకోకముందే డాక్టర్‌ని అడిగి రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, అందరికీ ఇచ్చే 400 మైక్రోగ్రాములు వీళ్లకు చాలవు.